ప్రసూతి వార్డు పోకరు

మా కాలంలో ఏది నేర్చుకోవాలన్నా పక్కన నేర్పేవాళ్ళన్నా ఉండాలి, చేతిలో పుస్తకమన్నా ఉండాలి. ఇప్పటిలా ఫోను మీద వేలు పెట్టగానే వంట దగ్గర్నుంచి వైద్యం దాకా చెప్పేసే వైభోగం మాకెక్కడిది? నేను ఈత కాలవలో పడి నేర్చుకున్నాను. సైకిలు మా అన్నయ్య వెనకనించి తోసేస్తే నేర్చుకున్నాను. నర్సింగు మిషన్ ఆస్పత్రిలో తిట్లు తిని నేర్చుకున్నాను. పోకరు మాత్రం శుభ్రంగా కూర్చుని, పుస్తకం చదివి, పక్కన పెన్సిలు గీతలు పెట్టుకుని మరీ నేర్చుకున్నాను. అవునండీ, పోకరే! పేకాట! పేకముక్క గుమ్మం దాటితే సాతాను దాటినట్టేనని నమ్మే ఇంట్లో పుట్టి, సండే స్కూల్లో వాక్యాలు గడగడా అప్పజెప్పి బహుమతులన్నీ కొట్టేసిన పిల్లని, దేశం కాని దేశంలో ప్రసూతి వార్డు నర్సునై ఉండి, క్రిస్మస్ సెలవు కోసం పోకరాడాను. నవ్వకండి. సరే, నవ్వండి, రాస్తుంటే నాకే ఆగటం లేదు.

అది డెబ్భైల చివర, షార్జాలో. (మా ఊళ్ళో అందరికీ నేను దుబాయ్‌లో ఉన్నట్టే. షార్జా అని ఉత్తరాల్లో ఎన్నిసార్లు రాసినా "అది దుబాయ్‌లో ఏ వీధి?" అని అడిగేవాళ్ళు.) ఆస్పత్రి వెనకే మా నర్సుల హాస్టలు. గదికి ముగ్గురం. ఒకావిడ బాపట్లక్క. పాస్టరు గారమ్మాయి, మా వార్డులో అందరికంటే సీనియరు, నాకంటే పదేళ్ళు పెద్దది. ఆవిడ వార్డులోకి అడుగుపెడితే మంచాల మీద దుప్పట్లు వాటంతట అవే సర్దుకునేవని చెప్పుకునేవాళ్ళం. రెండో ఆవిడ కేరళ మనిషి. వాళ్ళ భాషలో అక్కని చేచి అంటారు కాబట్టి మేమూ చేచి అనే పిలిచేవాళ్ళం. మాతో హిందీ కలిపి మాట్లాడేది, మేమూ అంతంతమాత్రం హిందీలోనే బదులిచ్చేవాళ్ళం, అయినా ఒకళ్ళ మాట ఒకళ్ళకి అర్థం కాని రోజు లేదు. మూడోదాన్ని నేను. మనిషి చిన్న, నోరు పెద్ద. అందుకే నా పేరు పిచిక.

ఒకరోజు మా వార్డులో ప్రసవించిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు గారి భార్య, పిల్లని తీసుకుని స్వదేశం వెళ్ళిపోతూ, నర్సులు చదువుకుంటారని ఒక పెట్టెడు పుస్తకాలు పంపించింది. పైన అల్లికల పుస్తకాలు, వాటి కింద కేకుల పుస్తకాలు, అన్నిటికంటే అడుగున రబ్బరుబ్యాండు వేసిన ఒక పేక, దాంతోపాటు పోకరు కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన పలచటి పుస్తకం. బాపట్లక్క ఆ పేకని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పైకెత్తి, "ఛీ ఛీ, అవతల పారెయ్యవే!" అంది. సరేనని తీసుకెళ్ళి నా దిండు కింద పెట్టుకున్నాను. అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండలేని జబ్బు నాది. మందు సీసాల్లో మడిచి పెట్టే కాగితాలు కూడా వదిలేదాన్ని కాదు, ఇక పుస్తకాన్ని వదులుతానా?

ఇది ఇలా ఉండగా అసలు వార్త తెచ్చినవాడు జగిత్యాలన్న. మా స్టాఫు వ్యాను డ్రైవరు. జగిత్యాల పక్క పల్లెటూరి మనిషి, రోజూ పొద్దున్నే వ్యాను అద్దానికి వేలాడే ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకోనిదే తాళం తిప్పడు. ఆ రోజు మమ్మల్ని మార్కెట్టుకి తీసుకెళ్తూ, "ఇన్నవా చెల్లే, ఈసారి క్రిస్మస్‌కు దుబాయ్‌ల మనోళ్ళు హాలు కిరాయికి తీస్కున్నరట. తెలుగుల ప్రార్థన, తెలుగుల పాటలు, అటెన్క భోజనాలు. మా ఆస్పత్రిల ఒక పిల్ల మస్తు పాడ్తదని నేనే చెప్పిన. నీకు ఒక పాట రాసుకున్నరు" అన్నాడు. నేను కూరగాయల సంచీ వదిలేసి సీటులోంచి లేచాను, వ్యాను కప్పు ఠపీమని నెత్తికి కొట్టుకుంది. తెలుగులో క్రిస్మస్! ఆ ఊరొచ్చాక ఇంగ్లీషు ఆరాధనకి వెళ్ళాను, చేచితో మలయాళం ఆరాధనకి వెళ్ళాను, పెదవులు కదిపి వచ్చేదాన్ని. పదిమంది ముందు నిలబడి గొంతు విప్పి నా భాషలో పాడి ఎంతకాలమైందో! మా ఊరి గుళ్ళో ప్రతి క్రిస్మస్‌కీ పాట నాదే. నేను పాడుతుంటే మా అమ్మ ముందు వరసలో కూర్చుని, తనే పాడుతున్నట్టు మొహం పెట్టేది. అది గుర్తొచ్చి వ్యానులో కూర్చునే ఏడ్చేశాను. "నువ్వూ వస్తావా అన్నా?" అని అడిగితే, "నాకు ఏ దేవుడైతేంది చెల్లే, తెలుగు మాట ఇనొస్తది. బిర్యానీ కూడ ఉన్నదట" అన్నాడు.

బాపట్లక్క మాత్రం నాలా ఎగరలేదు. వంకాయల బేరం ఆడుతూ ఆడుతూ ఆపి, "ప్రార్థన కూడా తెలుగులోనేనా?" అని అడిగింది. మళ్ళీ కొంచెంసేపటికి, "వాక్యం ఎవరు చదువుతారట?" అంది. హాస్టలుకొచ్చాక మంచం మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది. "నాన్నగారు పోయినప్పుడు నాకు వెళ్ళటానికి కుదర్లేదు కదే. తెలుగులో ఎవరన్నా ప్రార్థన చేస్తుంటే ఒక్కసారి వినాలని ఉంది." అంత పెద్ద సీనియరు, దుప్పట్లు సర్దించే మనిషి, గొంతు అలా చిన్నది చేసి మాట్లాడటం నేనదే వినటం. 

చిక్కెక్కడంటే, ఆ రోజు మా ముగ్గురిలో ఒక్కళ్ళకే సెలవు. మామూలుగా మధ్యాహ్నం నుంచి వార్డు చూసే సిస్టర్లు ఏటా క్రిస్మస్‌కి ఊళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు లేకపోతే పురుళ్ళు పోయటానికి మేం ముగ్గురం కాక ఉన్నది ఈజిప్టు సిస్టరు ఒక్కతే, ఆవిడది ఆ వారం రాత్రి డ్యూటీ. ఆ రోజు పొద్దుట్నుంచి రాత్రి దాకా వార్డులో ఇద్దరుండి తీరాలని మేట్రన్ తేల్చి చెప్పేసింది, ఆ ఒక్కళ్ళెవరో మీరే తేల్చుకోండంది. ఏటా ఇదే తంతు, ఏటా చీటీలు వేసుకునేవాళ్ళం, ఏటా చీటీ చేచికే వచ్చేది. చేచి చెయ్యి పెడితే చాలు, డబ్బాలో చీటీ వెతుక్కుంటూ వచ్చి ఆవిడ వేళ్ళకి తగులుకునేది. ఈసారి కూడా చేచి ఖాళీ బిస్కెట్ డబ్బా తీసుకుని హుషారుగా బయల్దేరేసరికి బాపట్లక్క డబ్బా లాక్కుంది. "చీటీలొద్దు. నీ అదృష్టంతో మేం చచ్చాం."

అప్పుడు, సరిగ్గా అప్పుడు, నా నోరు ఊరుకోలేదు. "అక్కా, అదృష్టంతో పని లేని ఆట ఒకటుంది" అన్నాను. దిండు కింది పుస్తకం తీసి మొదటి పేజీలో ముక్క చదివి వినిపించాను. పోకరు అదృష్టం మీద ఆడే ఆట కాదు, బుద్ధి మీద ఆడే ఆట అని నల్లటి పెద్దక్షరాల్లో ఉంది. బాపట్లక్క రెండు చెవులూ మూసుకుంది. "పేకాటా! నాన్నగారు దీని మీద ఎన్ని ప్రసంగాలు చేశారో తెలుసా?" అంది. "డబ్బులు పెట్టి ఆడితేగా తప్పు? సెలవు డబ్బెట్లా అవుతుందక్కా?" అన్నాను. "అచ్ఛా హై, ఖేలేంగే!" అని చేచి అప్పుడే పేకకున్న రబ్బరుబ్యాండు ఊడదీస్తోంది. బాపట్లక్క కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసుకుంది. కళ్ళు తెరిచి, "అందులో ఆసు పెద్దదా, రాజు పెద్దదా?" అని అడిగింది. ఇక చూస్కోండి నా సంతోషం!

క్రిస్మస్‌కి ఇంకా చాలా రోజులుంది కాబట్టి ముందు అందరం నేర్చుకుని, తర్వాత సెలవు కోసం ఆడాలని ఒప్పందం. ఎవరూ ఒంటరిగా చదవకూడదు, నేను పైకి చదివి చెప్పాలి, ఇద్దరూ వినాలి. ఆట తేలికే. తలా అయిదు ముక్కలు. నచ్చనివి పడేసి, వాటి బదులు వేరే ముక్కలు తీసుకోవచ్చు. చేతిలో జత ఉంటే మంచిది, ఒకేలాంటివి మూడుంటే ఇంకా మంచిది, మూడూ రెండూ కలిస్తే మహారాజయోగం. దమ్మున్నంత పందెం కాయాలి, భయమేస్తే ముక్కలు కింద పెట్టేసి తప్పుకోవాలి. పందానికి డబ్బుల బదులు ఖర్జూరం గింజలు పెట్టుకున్నాం, ఆ ఊళ్ళో వాటికేం కరువు? అయితే తిన్న ఖర్జూరాల గింజలు ఎవరివి వాళ్ళవేనన్న రూలు మేం తొందరపడి పెట్టుకున్నాం. ఆటలో గింజలయిపోయినవాళ్ళు గబగబా ఇంకో నాలుగు ఖర్జూరాలు తినేసి మళ్ళీ దిగేవాళ్ళు. చేచి ఒకపూట గిన్నెడు తిని, గింజల గుట్ట ముందు మహారాణిలా కూర్చుంది. మర్నాడు డ్యూటీలో గంటకోసారి పేషెంట్లని నాకప్పజెప్పి పరుగెత్తింది. ఆ రూలు ఆ సాయంత్రమే రద్దు చేశాం.

ఇక మొదటి అధ్యాయం. కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు ప్రతి చేతికీ, అంటే ముక్కలు పంచిన ప్రతిసారీ, పందెం కాయటం, మంచి ముక్కలు వచ్చేదాకా ఓపికపట్టి మిగతావన్నీ పడెయ్యాలి అని రాశాడాయన. ఎంత బాగా చెప్పాడో అనుకున్నాం. మధ్యాహ్నం డ్యూటీ దిగి ఆటకి కూర్చున్నాం. నేను ముక్కలు చూసి పడేశాను. చేచి చూసి పడేసింది. బాపట్లక్క చూసి, నిట్టూర్చి, పడేసింది. మళ్ళీ పంచాం. మళ్ళీ ముగ్గురం పడేశాం. ఒకే పుస్తకం ముగ్గురం చదివితే ఇంతే మరి! ఆ పూటంతా ఒక్క పందెం లేదు, ఒక్క గెలుపు లేదు. ముక్కలు కలపటం, పంచటం, చూడటం, పడెయ్యటం. టీ తాగటానికొచ్చిన ఈజిప్టు సిస్టరు నడుం మీద చేతులు పెట్టుకుని కొంతసేపు చూసి, ముద్దుగా "హబీబ్తీ, ఈ ఆటలో ముక్కలంటే మీకెందుకు ఇంత అసహ్యం?" అని అడిగింది. నాకు రోషం వచ్చి ఆవిడకి మొదటి అధ్యాయం చదివి వినిపించాను. "ఖలాస్, అదైపోయింది! రెండోది చదువు" అంది ఆవిడ.

రెండో అధ్యాయం ఇంకా ప్రమాదం. మరీ ఓపికపట్టి కూర్చుంటే అందరికీ తెలిసిపోతుంది, అప్పుడప్పుడు చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు బూకరించి పెద్ద పందెం కాయాలిట. ఇంకేముంది! ఆ మర్నాడు ముగ్గురం ప్రతి చేతికీ బూకరింపే. మూడు నాలుగు ఆరు ఎనిమిది పది పట్టుకుని చేచి గింజలన్నీ ముందుకు తోసింది. నేనూ తోశాను. పాస్టరు గారమ్మాయి బాపట్లక్క, జీవితంలో అబద్ధమాడని మనిషి, నాలుగు చేతుల్లోనే ఎంత తెగించిందంటే, "నా దగ్గర ఏముందో మీకు తెలుసా? తెలిస్తే తట్టుకోలేరు!" అని మమ్మల్ని బెదిరించటం మొదలుపెట్టింది. తీరా చూపిస్తే ముగ్గురిదీ చెత్త. నవ్వలేక పొట్టలు పట్టుకున్నాం. వార్డులో కూడా ఆటే మా మనసులో ఉండేది. బాపట్లక్క ఒక పేషెంటు బీపీ చూస్తూ చూస్తూ నా చెవిలో, "ఒకే రంగు ముక్కలు అయిదొస్తే వరసకంటే పెద్దదా చిన్నదా?" అని అడిగేది. ఎన్నాళ్ళుగానో హాస్టలు, వార్డు, హాస్టలు తప్ప ఇంకో లోకం లేని మాకు, ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టయింది.

మూడో అధ్యాయం మొహం గురించి. మంచి ముక్క వచ్చినా చెడ్డ ముక్క వచ్చినా మొహంలో ఏమీ కనపడకూడదు, ఎదుటివాడి మొహంలో మాత్రం అన్నీ వెతకాలి. నేను అద్దం ముందు నిలబడి రాయిలా ఉండటం సాధన చేశాను. చేచి చూసి, "పేట్ మే దర్ద్ హై క్యా?" అని కడుపునొప్పి పేషెంటుని అడిగినట్టు జాలిగా అడిగింది. అద్దాన్ని వదిలేసి బాపట్లక్క మొహం చదవటం మొదలుపెట్టాను, అక్కడ దొరికింది నాకు నిధి! మీకు నర్సుల సంగతి ఒకటి చెప్పాలి. పేషెంటు పరిస్థితి బాగున్నంతసేపూ మేం విసుక్కుంటాం. "ఏంటమ్మా ఆ అరుపులు, ఇంకా చాలా టైముంది, అటు తిరిగి పడుకో" అంటాం. జ్వరం నూటనాలుగు దాటిందా, బిడ్డ అడ్డం తిరిగిందా, అప్పుడొస్తుంది మా నవ్వు. తియ్యగా, చల్లగా. "ఏం లేదమ్మా, అంతా బాగానే ఉంది" అంటాం. ట్రైనింగులో ఇంజెక్షను కంటే ముందు నేర్పేది ఆ నవ్వే. బాపట్లక్క పేకముక్కల దగ్గరా అంతే! మంచి ముక్కలొస్తే నన్ను తిట్టేది. "సరిగ్గా కూర్చోవే, నీ ముక్కలన్నీ కనపడుతున్నాయి" అనేది. చెత్త ముక్కలొస్తే చాలు, ఆ నవ్వు నవ్వేది. నేను ఒకటికి పదిసార్లు చూసి ఖాయం చేసుకున్నాను. ఆ నవ్వు కనిపిస్తే పందెం కాయటమే, తిట్టు వినిపిస్తే తప్పుకోవటమే. పుస్తకం రాసినాయన ఎవరో గానీ, ఆయనకి తెలియని అధ్యాయం నేను కనిపెట్టాననిపించింది. పాట సాధన కూడా మొదలుపెట్టేశాను. సెలవు నా చేతిలో పడ్డట్టే!

సెలవు ఆట హాస్టలు భోజనాల గదిలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం. ముక్కలు పంచటానికి ఈజిప్టు సిస్టరు. తెల్ల గౌను ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చింది, పేక కలుపుతూ "యల్లా బనాత్, యల్లా!" అని, కదలండమ్మాయిలూ అంటూ ఊరేగింపు నడిపిస్తున్నట్టు కేకలు. తలా సమానంగా గింజలు, మధ్యలో ఖర్జూరాలు తినటం నిషేధం. బాపట్లక్క ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ ఆటలో ఎవరి మనసూ నొచ్చుకోకుండా కాపాడు" అని మొదలుపెట్టి, ఆమెన్ ముందు పెదవులు ఇంకా కదిలాయి. ఆ చివరి మనవి ఆసుల గురించేనని నా అనుమానం. చేచి మొదటే పోయింది. పుస్తకమంతా గాలికొదిలేసి, చీటీ తీసినట్టు కళ్ళు మూసుకుని ముక్కలు మార్చుకునేది. ఆ రోజు అదృష్టం ఎక్కడికో వెళ్ళింది. గింజలు అయిపోగానే ఏమాత్రం బాధ లేకుండా లేచి వెళ్ళి, మా అందరికీ టీ పెట్టుకొచ్చింది.

మిగిలింది మేమిద్దరం. నేను మనసులో రాసుకున్న అధ్యాయం ప్రకారం ఆడుతున్నాను. అక్క తిట్టినప్పుడల్లా తప్పుకుంటున్నాను, నవ్వినప్పుడల్లా కాస్తున్నాను, గింజలు ఒక్కొక్కటే నా వైపు నడిచి వస్తున్నాయి. చివరికి నా గుట్ట అక్క గుట్టకి సమానమైంది. అప్పుడొచ్చింది ఆ చెయ్యి. నాకు రెండు జాకీలొచ్చాయి. మూడు ముక్కలు మార్చుకుంటే మూడో జాకీ! అమ్మ బాబోయ్! రాయిలా ఉండాలి, రాయిలా ఉండాలి అనుకున్నాను. బాపట్లక్క ఒక్కటంటే ఒక్క ముక్క మార్చుకుంది. ఒక్క ముక్క మార్చినవాళ్ళు దేనికోసమో ఎదురుచూస్తున్నారని, తరచుగా ఆ ముక్క రాదని పుస్తకంలో ఉంది. నేను ఊపిరి బిగబట్టి ఆవిడ మొహం చూశాను. అక్క ముక్క ఎత్తి చూసింది. తలెత్తింది. నవ్వింది. ఆ నవ్వే! తియ్యగా, చల్లగా, బిడ్డ అడ్డం తిరిగినప్పటి నవ్వు. పైగా, "ఏం లేదే పిల్లా, కంగారుపడకు" అంది. ఇంకేం కావాలండీ? ఉన్న గింజలన్నీ రెండు చేతులా ముందుకి తోసేశాను. కొన్ని దొర్లి కిందపడితే ఈజిప్టు సిస్టరు బల్ల కిందకి దూరి ఏరింది.

అక్క కూడా తన గింజలన్నీ తోసింది. నేను మూడు జాకీలు పరిచాను. అక్క నెమ్మదిగా ఒక్కొక్క ముక్కే పెట్టింది. తొమ్మిది. తొమ్మిది. ఆసు. ఆసు. చివరికి, అప్పుడు మార్చుకున్న ముక్క, ఇంకో తొమ్మిది. మూడూ రెండూ. మహారాజయోగం. ఈజిప్టు సిస్టరు బల్ల మీద చరిచి "ఖలాస్!" అని అరిచింది. నా నోట వచ్చిన మాట ఒక్కటే. "అదేంటక్కా, నువ్వు నవ్వావు కదా!"

"నవ్వానా?" అంది ఆవిడ. నిజంగానే ఆవిడకి తెలీదు.

"నవ్వావు! నీ ముక్కలు బాగోకపోతేనే నవ్వుతావు నువ్వు. నేను రోజూ చూస్తున్నాగా!"

 బాపట్లక్క నా చెయ్యి పట్టుకుంది. "ఏమోనే. నీ మొహం దీపంలా వెలుగుతోంది, మంచి ముక్కలొచ్చాయని తెలుస్తూనే ఉంది. ఎంత మంచివైనా నాకొచ్చినవి పెద్దవి. నువ్వు పోతావని నాకు తెలుసు, నీకు తెలీదు. పాపం పిల్ల అనిపించింది. నవ్వకుండా ఎట్లా ఉంటానే?" అంది. అప్పటికి గాని నాకు వెలగలేదు. ఆ నవ్వు చెడు ఎవరికి జరుగుతుందో వాళ్ళని చూసి నవ్వే నవ్వు. అన్నాళ్ళూ ఆవిడ ఓడేది గనక తనని తాను ఓదార్చుకునేది. ఆ చేతిలో పేషెంటుని నేను. మూడేళ్ళు ఆ నవ్వు నేనే ఎందరికో పంచిపెట్టి, నా మంచం దగ్గరికి వచ్చినప్పుడు గుర్తుపట్టలేకపోయాను. బాత్రూంలోకి వెళ్ళి, నీళ్ళ కుళాయి తిప్పి, ఎవరికీ వినపడకుండా ఏడ్చాను. వినపడిందనుకోండి, బయటికొచ్చేసరికి ముగ్గురూ మూడు టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

క్రిస్మస్ పొద్దున బాపట్లక్క తెల్ల పట్టుచీర కట్టుకుని, చేతిలో బైబిలుతో జగిత్యాలన్న వ్యానెక్కింది. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఓడిపోయినందుకు కాదు, ఆ పాట నోటి దాకా వచ్చి ఆగిపోయినందుకే నా దిగులు. పక్కన చేచి మాత్రం ఎక్కడలేని హుషారుగా డ్యూటీకొచ్చి, నా చేతిలో కేకు ముక్క పెట్టింది. "ఎక్కడిదీ?" అన్నాను. వాళ్ళ గుళ్ళో ఆరాధన తెల్లవారకముందే అయిపోయిందిట, అక్కడ పంచారుట.  "మరి ఏటా సెలవు దేనికి చేచీ?" అని అడిగితే, "సోనే కే లియే!" అంది, ఇందులో అడగటానికేముందన్నట్టు. నిద్రపోవటానికి! ఏళ్ళ తరబడి ఆ చీటీ కోసం మేం ప్రాణాలు పెట్టింది, ఆవిడ దుప్పటి కప్పుకుని పడుకోవటానికి! కోపం రావాలి, నవ్వొచ్చింది, అంతలో లోపల్నించి ఒకావిడ నొప్పులతో కేకేసింది. మధ్యాహ్నం దాకా నాకు పండగా గుర్తులేదు, పాటా గుర్తులేదు.

బిడ్డ బయటపడి, కడిగి తల్లి పక్కన పడుకోబెట్టి, చేతులు తుడుచుకుంటున్నాను. వార్డు తలుపు తోసుకుని పట్టుచీర లోపలికొచ్చింది. బాపట్లక్క! చెమటలు కారుతూ, రొప్పుతూ. "ఏమైందక్కా?" అని నేను కంగారుగా ఎదురెళ్ళాను. నవ్వుతోందా అని ముందు మొహం చూశాను. నవ్వట్లేదు. విసుక్కుంటోంది! నా ప్రాణం కుదుటపడింది.

"ఏంటే అట్లా నిలబడ్డావ్? ప్రార్థన అయిపోయింది. అచ్చం నాన్నగారు చేసినట్టే చేశారాయన. నాక్కావలసింది నేను వినేశాను. ఇప్పుడు భోజనాలు, పాటలు ఆ తర్వాతట. మేట్రన్‌కి చెప్పొచ్చాను, మిగతా డ్యూటీ నాది. వ్యాను కింద ఉంది. పోవే, పో!" అంటూ అప్పటికే పట్టుచీర కుచ్చెళ్ళు లాగేస్తూ యూనిఫాం కోసం గదిలోకి నడుస్తోంది.

నేను కదల్లేదు. ఒక్క రోజుని సగం సగం చేసుకోవచ్చా? పొద్దున ఒకళ్ళు, మధ్యాహ్నం ఒకళ్ళు వెళ్ళొచ్చా? ఇంత చిన్న సంగతి మా ముగ్గురికీ తట్టలేదా? పందెం మొత్తం ఒక్కళ్ళకే పోతుందని పుస్తకంలో ఉంది, మేం నమ్మేశాం. అన్ని మధ్యాహ్నాలు, అన్ని ఖర్జూరాలు, అన్ని బూకరింపులు! "అక్కా, ఇది మనం ముందే అనుకునుంటే అసలు ఆడక్కర్లేదుగా!" అన్నాను. బాపట్లక్క గదిలోంచి తల బయటికి పెట్టి, "అనుకునుంటే ఆడేవాళ్ళమే కాదుగా!" అంది. ఆ మాటలో ఎంత దిగులుందో చెప్పలేను. జీవితంలో పేకముక్క ముట్టని మనిషి, ఆ ఆట లేకుండా పోయుండేదన్న ఆలోచనకే బెంగపడిపోయింది.

యూనిఫాంతోనే పరుగెత్తాను. మెట్లు ఎలా దిగానో తెలీదు. ఒంటి నిండా డెట్టాలు వాసన, జడ ఊడిపోయి ఉంది. జగిత్యాలన్న వ్యాను అప్పటికే స్టార్టు చేసి, తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. పక్కకి తిరిగి నన్నొకసారి చూశాడు.

"ఆట నువ్వే గెలిచినవా చెల్లే?"

"లేదన్నా, ఓడిపోయాను."

"ఓడిపోయినోళ్ళ మొహం గిట్లుంటదా?" అన్నాడు, గేరు మారుస్తూ.

ఆ పూట దుబాయ్‌లో, అరబ్బీ బోర్డున్న ఆ కిరాయి హాల్లో, చేతుల్లో బిర్యానీ పళ్ళేలున్న మనుషుల మధ్య నిలబడి పాడాను. అందరూ మేస్త్రీలు, డ్రైవర్లు, నర్సులు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. పళ్ళేలు పక్కనపెట్టి అందుకున్నారు. రెండో చరణం మర్చిపోతే వాళ్ళే పాడేశారు. నా మొహంలో ఏం కనపడిందో నాకు తెలీదు, దాచాలని కూడా తోచలేదు. ఇప్పుడు మా మనవలు ఫోనులో ఏదో పేకాట ఆడుకుంటూ, "అమ్మమ్మా, నీ మొహం చూస్తే ఏ ముక్కలొచ్చాయో తెలిసిపోతుంది, నువ్వొద్దులే" అని నన్ను పక్కన కూర్చోబెడతారు. కూర్చుంటాను. యూనిఫాంతో మెట్లు దూకుతూ పరుగెత్తిన ఆ పిచికపిల్లని తలుచుకుని, మొహం నిండా నవ్వుకుంటూ వాళ్ళ ఆట చూస్తుంటాను.